కొండెక్కింది అన్న మాట

రాసిస్తానని ఒప్పుకున్నాను

ఈ మధ్య ముగ్గురు పిల్లలు జగిత్యాలలో మా ఇంటికి వచ్చారు. ముగ్గురూ డిజైన్ టీచర్లుగా కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. పెన్నులు తీసి కూర్చుని, "మేడం, మీ అనుభవాలు చెప్పుండ్రి, మాకు పనికస్తయి" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. నేను నోరు తెరవడం ఆలస్యం, ముగ్గురూ తల వంచి గబగబా రాసుకుంటున్నారు. నాకు అనుమానం వచ్చి, కావాలనే ఒక తప్పు మాట చెప్పాను. గాజు ఎంత మందంగా ఉంటే వేడికి అంత బాగా నిలబడుతుందన్నాను. నిజం దాదాపు దానికి తలకిందులు. ముగ్గురూ అదీ రాసుకున్నారు. కింద గీత కూడా గీశారు.

"ఇంక చాలు, పొండి. నేనే రాసిస్త" అని పంపేశాను. పాపం, వాళ్ళకు నేనెందుకు చిరాకు పడ్డానో అర్థమై ఉండదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, శాలువాలు ఎన్ని కప్పారు అనేవి ఇందులో దొరకవు. ఆ శాలువాలు ఇప్పుడు మా ఇంట్లో కుట్టుమిషన్ మీద దుమ్ము పడకుండా కప్పడానికి పనికొస్తున్నాయి.

సేటు కాయిదం చూడలేదు

నేను పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల చప్పుడులో. మొదటి ఉద్యోగం కూడా అక్కడే. మరమగ్గాల షెడ్డు నడిపే మల్లయ్య సేటు దగ్గర చీర అంచులు గీయడం నా పని. చదువుకున్న పిల్లనని నాకు కాస్త పొగరుండేది. మొదటి రోజే వరసగా నెమళ్ళున్న అంచు ఒకటి రంగులేసి తీసుకుపోయాను. సేటు దాని మీద చాయ్ గ్లాసు పెట్టి, "కాయిదం నాకెందుకు బిడ్డా, బట్ట సూపెట్టు" అన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మగ్గాల చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినపడదు, ఆ ఒక్క సౌకర్యం ఉంది అక్కడ. వారం పోయాక అదే అంచు బట్ట మీదికొచ్చింది. నా నెమళ్ళ మెడలు కుంచించుకుపోయి, బాతులు వరసగా నడుస్తున్నట్టు ఉంది. సేటు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వడం అయ్యాక ఆయనే నా పక్కన కూర్చుని, దారం ఎక్కడ లాగేస్తుందో వేలు పెట్టి చూపించాడు. నేను పనిచేసిన బాసుల్లో ఆయనంత మంచివాడు మళ్ళీ తగల్లేదు.

వస్తువును చూడాలి, కాగితాన్ని కాదు. ఈ ఒక్క ముక్కనూ తర్వాత ముప్ఫయ్యేళ్ళు ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. చెప్పీ చెప్పీ అది నాకు వచ్చేసిందని అనుకున్నాను. మీరు కూడా ఏదైనా పాఠం బాగా చెప్తున్నామని మురిసిపోతున్నారంటే కాస్త జాగ్రత్తగా ఉండండి.

ఆ తర్వాత కోరుట్లలో ఒక ప్రైవేటు డిజైన్ కాలేజీలో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడేది. మొదటి రోజే పిల్లలకు ఒక మాట చెప్పేదాన్ని: "నేను ఒక్కసారి రాసిన్నంటే రాసినట్టే. రాసినంక నన్ను అడగొద్దు." కొత్తగా వచ్చిన లెక్చరర్లు నా క్లాసు బయట నిలబడి ఆశ్చర్యంగా చూసేవారు. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

కండె

నా ఉద్యోగం చివరి సంవత్సరంలో గాజు సామాను చేసే ఒక పాత కంపెనీ మా కాలేజీకి వచ్చింది. పేరు చెప్పను గానీ, మా అమ్మ పెళ్ళికి వచ్చిన గ్లాసుల అడుగున కూడా వాళ్ళ ముద్రే ఉండేది. కొవ్వొత్తి పెట్టుకునే అలంకరణ గాజు స్టాండ్లు కావాలని, వాటిని విద్యార్థులే డిజైన్ చేయాలని అడిగారు. ఎంపికైన డిజైన్‌ను వాళ్ళ ఫ్యాక్టరీలో పోసి పంపుతారు. గీసిన విద్యార్థికి ఏడాది పాటు హైదరాబాదులోని వాళ్ళ డిజైన్ స్టూడియోలో పని ఇస్తారు. ఆ కంపెనీ తరఫున అవంతిక అని ఒకమ్మాయి వచ్చేది. హైదరాబాదు పిల్ల, చురుకైనది, మాట సూటిగా ఉండేది.

విద్యార్థులను జంటలుగా చేశాను. ఒకరు గీయాలి, ఇంకొకరు పరీక్షించి రాయాలి. నస్రీన్, రవళి ఒక జంట. నస్రీన్‌ది కోరుట్లే. వాళ్ళ నాన్న గఫూర్ భాయ్‌కి రేకు డబ్బాలు, గరాటులు చేసే దుకాణం ఉంది. ఆ పిల్ల తక్కువ మాట్లాడేది, ఎక్కువ గీసేది. రవళిది మల్లాపూర్ దగ్గర పల్లె. నాన్న దుబాయిలో ఉంటే నానమ్మ పెంచింది. నోట్లో మాట ఆగదు. ఈ ఇద్దరూ ఎలా కుదిరారా అని నాకే వింతగా ఉండేది.

ఒకరోజు వీళ్ళను సిరిసిల్లలో మా సేటు షెడ్డు చూపించడానికి తీసుకుపోయాను. సేటు ఇప్పుడు లేడు, ఆయన కొడుకు నడుపుతున్నాడు. నస్రీన్ దారం చుట్టిన కండె ఒకటి చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. మీలో చూడనివాళ్ళకు చెప్తున్నాను, కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న దారపు కడ్డీ. మధ్యలో బొద్దుగా, చివర్న సన్నగా ఉంటుంది.

"మేడం, గిండ్ల మోంబత్తి పెడితే ఎట్లుంటది?" అంది. మోంబత్తి అంటే మా వైపు కొవ్వొత్తి.

పుట్టినప్పటి నుంచీ కండెల మధ్య పెరిగిన నాకు తట్టలేదు, ఈ పిల్లకు తట్టింది. నస్రీన్ గీసిన డిజైన్‌లో దారం చుట్టలు గాజు మీద సన్నటి గీతలయ్యాయి. అడుగు కండె కొసలా సన్నగా దిగి చిన్న పీట మీద నిలబడింది. కొవ్వొత్తి వెలిగిస్తే ఆ గీతలన్నీ గోడ మీద పడి మెల్లగా కదిలేవి. అడుగు ఇంకాస్త వెడల్పు చేయనా అని నస్రీన్ అడిగింది. వద్దు, సన్నగా ఉంటేనే అందం అన్నది నేను. ఈ మాట గుర్తుంచుకోండి.

కంపెనీ ఆ డిజైన్‌నే ఎంచుకుంది. గఫూర్ భాయ్ మొదట కూతురిని అంత దూరం పంపనన్నాడు. నేను దుకాణానికి పోయి గంటసేపు కూర్చున్నాను. చివరికి ఆయన, "మీ మాట మీద పంపుత మేడం. ఆమె పేరు ఖరాబ్ గాకుంట సూసుకోండ్రి" అన్నాడు. చూసుకుంటానని మాటిచ్చాను.

నోటుబుక్కు

ఫ్యాక్టరీ నుంచి పన్నెండు శాంపిళ్ళు వచ్చాయి. అమ్మకానికి పెట్టేముందు కంపెనీ ల్యాబ్ తన పరీక్షలు తాను చేసుకుంటుంది. అంతకంటే ముందు జగిత్యాలలో మా కాలేజీ ప్రదర్శన ఉంది కాబట్టి, దానికి మాత్రం మా పరీక్ష చాలన్నారు. ప్రతి శాంపిల్‌లో కొవ్వొత్తి పెట్టి, పూర్తిగా కాలేదాకా ఉంచి, గాజు ఎలా ఉందో రాయాలి. అంతే పని.

రవళి రాసింది. చూసింది చూసినట్టు తెలుగులోనే రాయమని నేనే చెప్పాను. ఇంగ్లీషులో రాయమంటే పిల్లలు చూసింది మానేసి వచ్చిన పదాలు రాస్తారు. ఈ పద్ధతి మంచిదేనని ఇప్పటికీ అంటాను. రవళి గుండ్రటి అక్షరాలతో మొదటి పేజీలో ఇలా రాసింది: "శాంపిల్ ఒకటి. పొద్దున వెలిగించినం. గాజు గోరువెచ్చగ ఉంది, పట్టుకోవచ్చు. పగులు లేదు. మధ్యాహ్నం దీపం కొండెక్కింది."

దీపం ఆరిపోయింది అని మన ఇళ్ళల్లో ఎవరూ అనరు కదా. మా అమ్మ అననిచ్చేది కాదు, నేనూ అనలేదు. కాబట్టి ఆ వాక్యం చదివి నాకు ఏ అనుమానమూ రాలేదు. కొండెక్కింది అంటే కాలి అయిపోయింది. కంపెనీ ఫారంలో ఇంగ్లీషులో 'ఫుల్ బర్న్' అని రాశాను. రెండో పేజీ చూశాను, అదే మాట. మిగతా పేజీలు తిరగేయకుండానే పన్నెండు గళ్ళలోనూ ఫుల్ బర్న్, ఫుల్ బర్న్ అని నింపేశాను. ఆ రోజు నాకు ఏదో మీటింగు ఉంది. కింద గైడ్ అని నా సంతకం పెట్టి, డిజైనర్ అన్న చోట సంతకం చేయమని నస్రీన్‌కు ఇచ్చాను. ఆ పిల్ల కాసేపు ఫారం వైపు చూసి, నా వైపు చూసి, సంతకం చేసింది.

ఆ చూపును నేను చూశాను. పట్టించుకోలేదు.

జగిత్యాల ఫంక్షన్ హాలులో

ప్రదర్శన పొద్దున పెట్టారు. కొవ్వొత్తుల వెలుగు కనపడాలని హాలు కిటికీలకు నల్ల పరదాలు కట్టారు. ప్రదర్శన కోసమని ఫ్యాక్టరీ కొత్తగా పోసి పంపిన ఇరవై స్టాండ్లను స్టేజీ ముందు బల్ల మీద వరసగా పెట్టి వెలిగించాం. గోడల నిండా గీతలు కదులుతుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. గఫూర్ భాయ్ తెల్ల లాల్చీ వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. అవంతిక నా చెవిలో, "మేడం, ఇది కచ్చితంగా క్లిక్ అవుతుంది" అంది.

తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. మన దగ్గర మైకు చేతికొచ్చిన మనిషి దాన్ని వదలడం మీరెప్పుడైనా చూశారా? ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. మా ప్రిన్సిపాల్ కాలేజీ పుట్టుకతో మొదలుపెట్టి తన పుట్టుక దాకా వెళ్ళాడు. కొవ్వొత్తులు మెల్లగా కిందికి దిగుతున్నాయి. నేను ముందు వరసలో కూర్చుని తల ఊపుతున్నాను.

స్టేజీ పక్క నుంచి రవళి ఆ బల్ల వైపు రావడం కనపడింది. ఆ పిల్ల ముఖంలో ఏదో ఆదుర్దా. వంగి, ఒక స్టాండును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో వత్తిని నలపబోయింది.

ఠప్పుమంది.

ఏం జరిగిందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మైకు పగిలిందనుకున్నాను. రవళి చెయ్యి పైకెత్తి చూసుకుంటోంది. అరచేతి నుంచి మోచేతి దాకా రక్తం, దాని మీద కరిగిన మైనం. ఆ పిల్ల అరవలేదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. అంతలోనే పక్కన ఇంకోటి ఠప్పుమంది. ఇంకోటి. ముందు వరసలో జనం కుర్చీలు తోసుకుంటూ లేచారు. "ముట్టుకోకుండ్రి! ఎవ్వరు ముట్టుకోకుండ్రి!" అని అరుస్తున్న గొంతు నాదేనని కాసేపటికి గాని తెలియలేదు. పన్నెండు సార్లు పూర్తిగా కాల్చి చూసిన గాజు ఎలా పగులుతుంది?

పరదాలు లాగేశారు. ఎండ లోపలికి పడింది. నాలుగు స్టాండ్లు అడుగున పగిలాయి. సన్నటి కొస దగ్గర మంట గాజును తాకినంత దగ్గరికి దిగింది. అంతటి అనుభవం ఉన్న నేను అప్పుడేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. గఫూర్ భాయ్ ముందు, అవంతిక ముందు, అందరి ముందు నస్రీన్ మీద విరుచుకుపడ్డాను.

"అడుగు గింత సన్నగ గుంజుతరా? నీకు బుద్ధున్నదా?"

నస్రీన్ నావైపు చూసింది. ఆ సన్నటి అడుగు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. "సారీ మేడం" అని మాత్రం అంది. వాళ్ళ నాన్న లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా కూతురి భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయాడు.

తొమ్మిదో పేజీ

రవళి అరచేతికి ఏడు కుట్లు పడ్డాయి. వేళ్ళు కదులుతాయని డాక్టర్ చెప్పేదాకా నేను ఆసుపత్రి వరండాలో కూర్చోలేదు, నిలబడే ఉన్నాను. లోపలికి పోతే ఆ పిల్ల నొప్పి గురించి కాదు, వేరే దానికి ఏడుస్తోంది.

"జర ముందుగల్ల పోతే అయిపోవు మేడం. నేను ఎప్పుడు అంగుళం ఉండంగనే కొండెక్కిత్త. మీటింగుల అందరు కూసున్నరని ఆగిన."

"ఎప్పుడు అంటే?"

"ల్యాబ్‌ల టెస్ట్ జేసినప్పుడు. స్టీలు మూత పెట్టి కొండెక్కిత్తుంటి. ఇక్కడ మూత లేకపాయె, చెయ్యి పెట్టిన."

"అంటే ఒక్కటి గూడ ఆఖరిదాంక కాలనియ్యలేదా?"

రవళి నన్నే వింతగా చూసింది. "అదెట్ల మేడం? ముట్టిచ్చిన దీపం దానంతట అది పోయేదాంక సూసుకుంట కూసుంటరా? మా నానమ్మకు తెలిస్తే ఇంట్లకు రానిస్తదా? నస్రీన్ గూడ గంతే అన్నది. వాళ్ళ నానీ చిరాగ్ బఢాదో అంటదట, అంటే దీపం పెంచుమని. ఆర్పుమని వాళ్ళు గూడ అనరట."

ఇళ్ళు రెండు. రెండింట్లోనూ ఒకటే మర్యాద. రెండు మాటలూ ఒకేలా నిజాన్ని కప్పేశాయి. దీపం తనంతట తాను పోయినా కొండెక్కడమే, మనం ఆర్పినా కొండెక్కడమే. ఈ సంగతి నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసినదాన్ని అడగాలని తోచకపోవడమే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అక్కడి నుంచి తిన్నగా కాలేజీకి పోయి నోటుబుక్కు తీశాను. ఈసారి అన్ని పేజీలూ చదివాను. ఎనిమిది దాకా కొండెక్కింది అనే ఉంది. తొమ్మిదో పేజీలో రవళి ఇలా రాసింది: "అంగుళం మిగలంగ మూత పెట్టి కొండెక్కిచ్చిన." పదిలో, పదకొండులో, పన్నెండులో కూడా అంతే. అంగుళం అన్న మాట కూడా ఉంది. అంతా గుండ్రటి అక్షరాలతో, తప్పు లేకుండా. రవళి దాచలేదు, నేను చదవలేదు.

మరునాడు ప్రిన్సిపాల్ పిలిచాడు. కంపెనీకి రాసే ఉత్తరం సిద్ధంగా ఉంది. లోపం డిజైన్‌లో ఉందని, డిజైనర్ పేరు ప్రాజెక్టు నుంచి తీసేస్తున్నామని అందులో ఉంది. "ఒక్క పిల్ల పేరు తీసేస్తే కాలేజి పేరు నిలవడ్తది మేడం. సోమవారం పంపుదాం" అన్నాడు. అది తప్పని నాకు తెలుసు. నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. "సరే సార్" అని బయటికి వచ్చాను.

మూడు రోజులు ఊరుకున్నాను. ఇది నేను మీకు చెప్పదలుచుకున్న అసలు సంగతి. తప్పు చేయడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. అది నాదేనని చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ రిటైర్మెంటు సభలో నా గురించి ఏం చెప్తారో ఆలోచించాను. నాలో ఇలాంటి మనిషి ఉందని అరవైకి దగ్గరపడ్డాక తెలిసింది.

కోరుట్లలో

ఆదివారం పొద్దున కోరుట్ల పోయాను. గఫూర్ భాయ్ దుకాణంలో రేకు కత్తిరిస్తున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. మాట్లాడకుండా కుర్చీ వేయడం తిట్టినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

"మా పిల్ల బువ్వ సక్కగ తింటలేదు మేడం. ఏం తప్పు జేసినవ్ బిడ్డా అంటే చెప్తలేదు. మీరన్న చెప్పుండ్రి."

"ఆమె ఏం తప్పు జెయ్యలేదు భాయ్. తప్పు నాది. ఆమెను పిలువుండ్రి, ఆమె ముందట చెప్త."

లోపలి నుంచి నస్రీన్ వచ్చింది. నోటుబుక్కు తెరిచి తొమ్మిదో పేజీ చూపించాను. ఫారం నకలు పక్కన పెట్టాను. కొండెక్కింది అన్న మాటను నేను ఎలా చదువుకున్నానో, మిగతా పేజీలు ఎలా వదిలేశానో అంతా చెప్పాను. ఆ పిల్లకు ఇది విని కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ జరగలేదు.

"నాకు ఎర్కే మేడం" అంది.

"ఏం ఎర్క?"

"మీరు ఫుల్ బర్న్ అని రాసింది. సంతకం పెట్టేటప్పుడు సదివిన. రవళి మూత పెట్టంగ నేను పక్కకే ఉన్న గద."

"మరి గప్పుడే చెప్తే అయిపోవు గద! ఎందుకు చెప్పలేదే?"

నస్రీన్ వాళ్ళ నాన్న వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. గొంతులో వెటకారం ఏమీ లేదు. గుర్తున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మొదటి రోజే చెప్పిర్రు గద మేడం. రాసినంక నన్ను అడగొద్దని. మీరు రాసిర్రంటే మీకు తెలిసే రాసిర్రనుకున్న."

గాజు పగిలినప్పుడు కూడా నేను అంత అదిరిపడలేదు. ముప్ఫయ్యేళ్ళు నేను గర్వపడిన నిశ్శబ్దం ఇదన్నమాట. తప్పు కళ్ళ ముందు కనపడుతున్నా సంతకం చేసే పిల్లను నేనే తయారుచేశాను. దాని వల్ల ఇంకో పిల్ల అరచెయ్యి చీలింది. ఇంతకుముందు ఎన్ని క్లాసుల్లో ఎంతమంది ఇలా నా వైపు చూసి ఊరుకున్నారో, ఏమేం తప్పులు రాసుకుని పోయారో ఇక నాకెప్పటికీ తెలియదు. ఆ దుకాణంలో, రేకు ముక్కల మధ్య, ఏడ్చేశాను. ఈసారి మగ్గాల చప్పుడు లేదు. గఫూర్ భాయ్ సుత్తి పక్కన పెట్టి, చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు.

అక్కడే కూర్చుని అవంతికకు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె, "మేడం, మీరు చెప్పకపోతే మేము నస్రీన్‌ను వదిలేసేవాళ్ళం. ఆల్రెడీ వేరే పేరు అనుకున్నాం కూడా" అంది. "ఒక్క ఛాన్స్ ఇస్తాం. అడుగు మార్చి మళ్ళీ టెస్ట్ చేయండి. కానీ ఈసారి రిపోర్ట్ మీరు రాయకండి. పిల్లలే రాయాలి." ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. సరేనన్నాను.

ప్రిన్సిపాల్ ఆ ఉత్తరాన్ని చింపేశాడు గానీ, నన్ను మాత్రం క్షమించలేదు. "మూడు నెలలల్ల రిటైరయితున్నరు, మీకెందుకు మేడం గీ లొల్లి?" అన్నాడు. రిటైర్మెంటు సభలో నా గురించి రెండే వాక్యాలు మాట్లాడాడు. ఆయన ఉపన్యాసాల్లో అంత చిన్నది అదొక్కటే. అందుకు హాలంతా నాకు రుణపడి ఉండాలి.

ఆఖరిదాకా

నస్రీన్ అడుగు వెడల్పు చేసింది, గాజు మందం పైనుంచి కిందిదాకా ఒకేలా ఉంచింది. కొవ్వొత్తి కింద పెట్టడానికి మూడు కాళ్ళున్న చిన్న రేకు గిన్నె కావాలంది. మంట ఎంత దిగినా గాజును తాకకుండా అది పైకెత్తి పట్టుకుంటుంది. దాన్ని గఫూర్ భాయ్ చేశాడు. కండె అందం కొంచెం తగ్గింది. తగ్గితే తగ్గింది.

కొత్త శాంపిళ్ళు రాగానే కాలేజీ ల్యాబ్‌లో మొదటిది పొద్దున వెలిగించాం. మధ్యాహ్నానికి అంగుళం మిగిలింది. రవళి ముఖం మారిపోయింది. అరచేతి మీద కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అయినా ఆ చెయ్యి దానంతట అదే స్టీలు మూత కోసం బల్ల మీద వెతికింది. నస్రీన్ రవళి మణికట్టు పట్టుకుంది.

"మేడం, సూడబుద్ధయితలేదు. పాపం తగుల్తది" అంది రవళి.

"నా పాపానికంటే పెద్దది గాదు. సూడు."

నాకూ చూడబుద్ధి కాలేదు. ఇంత వయసొచ్చి, ఒక దీపం తనంతట తాను పోవడం నేను చూడటమూ అదే మొదటిసారి. మంట చిన్నదైంది, నీలంగా మారింది, రెండుసార్లు లేచి పడింది. సన్నటి పొగ వచ్చింది. ముగ్గురం గాజు వైపు చూస్తున్నాం. ఎంతసేపటికీ చప్పుడు కాలేదు. నస్రీన్ వేలు పెట్టి చూసి, పగులు లేదన్నట్టు తల ఊపింది.

రవళి పెన్ను తీసింది. మొదటి అక్షరం రాసి ఆగింది. నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. అప్పుడు గుండ్రటి అక్షరాలతో రాసింది: "దీపం ఆరిపోయింది."

పన్నెండు శాంపిళ్ళు అలాగే చేశాం, రోజుకు రెండు. ఫారం వాళ్ళిద్దరే నింపారు. అన్నిటికంటే ఆలస్యంగా ఆరిన శాంపిల్ ఏదో, ఎన్నింటికి ఆరిందో గైడ్ రాయాల్సిన రెండు వాక్యాలు మాత్రం నేను రాశాను. సంతకం పెట్టేముందు నోటుబుక్కు మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా చదివి, ఫారాన్ని నస్రీన్ ముందుకు జరిపాను.

"నేను రాసిన దాంట్ల తప్పేమన్న ఉన్నదా, సూడు."

ఆ పిల్ల చదివింది. తలెత్తి నా ముఖం చూసింది. మళ్ళీ ఫారం చూసింది. అదే పాత చూపు.

"ఒక్కటున్నది మేడం" అంది. "శాంపిల్ ఏడు ఆరిపోయింది మూడున్నరకు గాదు, నాలుగింటికి."

నేను మూడున్నర కొట్టేసి నాలుగు అని రాసి, అప్పుడు సంతకం పెట్టాను.